పని పోయిన రాజు గీసిన గళ్లు

సీజన్ అయిపోయింది. గేటు ముందట చెరుకు బండ్ల లైను లేదు. చిమ్నీల పొగ లేదు. సైరన్ మోగితే లోపలికి పోయేది మెయింటెనెన్స్ వాళ్లే. సీజనల్ కార్మికులకు ఇగ దసరా దాటేదాకా చేతినిండా పని దొరకదు. కొందరికి రిటైనింగ్ అలవెన్స్ వస్తది, కొందరికి అదీ రాదు. మిల్లే మూతబడిపోయిన కాలనీల సంగతైతే చెప్పే పని లేదు. అక్కడ ఏడాది పొడుగునా ఆఫ్ సీజనే.

ఈ రోజుల్లో మన బస్తీల్లో కనిపించేది ఒక్కటే దృశ్యం. వేపచెట్టు కింద నలుగురు, మధ్యన తువ్వాల, తువ్వాల మీద పేకముక్కలు. పోరగాళ్లయితే చెట్టు దాకా కూడా రారు, మూలకు కూసుని ఫోన్ల ఆడుతరు. ఇంట్లో ఆడోళ్లు వచ్చీపోయేటప్పుడు ఒక చూపు చూస్తరు. ఆ చూపుకు అర్థం అందరికీ తెలుసు.

పని లేని కాలం మనిషిని ఏం చేస్తదో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. పైసలు రాకపోవుడు ఒక బాధ. దానికంటే లోపలి బాధ ఇంకొకటుంది. పొద్దున లేచి ‘ఇయ్యాల నాతోని ఎవరికి పని?’ అని తనను తాను అడుక్కునే బాధ. ఈ నెల చెప్పబోయే మనిషి ఆ ప్రశ్నతోని దాదాపు 37 ఏళ్లు బతికిండు. ఆయన కార్మికుడు కాదు, రాజు. మన కర్ణాటకలోనే, మైసూరు గద్దె మీద కూసున్న ముమ్మడి కృష్ణరాజ ఒడెయరు. ముమ్మడి అంటే మూడవ అని. పని చేతిలో నుంచి గుంజుకున్నంక ఆయన ఆటలు కట్టుడు మొదలుపెట్టిండు. గళ్ల ఆటలు, పాచికల ఆటలు, చీట్ల ఆటలు, ఒకటీ రెండూ కాదు.

“రాజు గద, కడుపు నిండినోడు, ఆయనతోని మనకేం పోలిక?” అంటరేమో. ఆ మాట సబబే. దాని దగ్గరికి మళ్లా వద్దాం. ముందు ఆయన కథ వినుండ్రి.

1794 జులై 14న పుట్టిండు. రెండేళ్లు నిండేసరికే తండ్రి పోయిండు. అప్పుడు మైసూరు రాజ్యం టిప్పు సుల్తాన్ చేతుల ఉండె. ఒడెయర్ల కుటుంబం శ్రీరంగపట్నంలో పేరుకే రాజకుటుంబం, బతుకు మాత్రం లేమిలో. 1799 మే 4న ఇంగ్లీషు కంపెనీ ఫౌజు కోట పడగొట్టింది, టిప్పు యుద్ధంలనే చనిపోయిండు. కంపెనీ వాళ్లు రాజ్యంలో కొంత తాము ఉంచుకున్నరు, కొంత నిజాముకు ఇచ్చిండ్రు, మిగిలిన మైసూరును ఈ పిలగానికి కట్టబెట్టిండ్రు. జూన్ 30న పట్టాభిషేకం. రాజు వయసు ఐదేళ్లు! ఆ వయసు పిలగాళ్లు మన అంగన్‌వాడీల ఉంటరు.

ఊరికే ఇచ్చిండ్రా? లేదు. ఏటా 7 లక్షల స్టార్ పగోడాలు కంపెనీకి కట్టాలని ఒప్పందం. అప్పటి రూపాయల్లో 24 లక్షల 50 వేలు. రాజు చిన్నోడు కాబట్టి దివాన్ పూర్ణయ్య రాజ్యం నడిపిండు. వెనకాల నాయనమ్మ వరస లక్ష్మమ్మణ్ణి. టిప్పు మీద కంపెనీతోని ఏండ్ల తరబడి మంతనాలు చేసింది ఆమెనే. పిలగాడు పెద్దోడైనంక, 1810 తర్వాత, రాజ్యం సొంతంగా చేతికొచ్చింది.

ఇరవై ఏళ్లు పాలించిండు. ఇక్కడ ఉన్నది ఉన్నట్టు చెప్పుకోవాలె. దర్బారు ఖర్చులకూ దానధర్మాలకూ లెక్క లేకపోయె. అప్పులు పెరిగె. పన్ను వసూళ్లను గుత్తకిచ్చే పద్ధతిల రైతుల మీద భారం పడింది. నగర సీమల, అంటే ఇప్పటి శివమొగ్గ దిక్కు, రైతులు కూటాలు కట్టిండ్రు. 1830ల తిరగబడ్డరు. అదే అదునుగా గవర్నర్ జనరల్ బెంటింక్ 1831 అక్టోబర్‌లో రాజ్యపాలన మొత్తం కంపెనీ చేతికి తీసుకున్నడు. తర్వాత వేసిన విచారణ కమిటీ, రాజు మీద వచ్చిన ఆరోపణలు ఉన్నదానికంటే పెద్దవి చేసి చెప్పినవని తేల్చింది. అయినా తీసుకున్నది తిరిగియ్యలేదు.

37 ఏళ్ల వయసు. ప్యాలెస్ ఉన్నది, పేరు ఉన్నది, భత్యం ఉన్నది. ఏడాదికి లక్ష పగోడాలు, పైన రాజ్యం నికర ఆదాయంలో ఐదో వంతు. లేనిది పని ఒక్కటే. ఫైలు మీద సంతకం పెట్టే పని లేదు, ఫిర్యాదు వినే పని లేదు, తీర్పు చెప్పే పని లేదు. కమిషనర్లు బెంగళూరుల కూసుని రాజ్యం నడుపుతుంటే రాజు మైసూరుల కూసుని చూసుడే. మార్క్ కబ్బన్ అనే కమిషనర్ ఒక్కడే 1834 నుంచి 1861 దాకా ఉన్నడు. బెంగళూరు కబ్బన్ పార్కుకు ఆ పేరు ఆయనదే.

రాజు ఊరుకోలేదు. నా రాజ్యం నాకియ్యుండ్రి అని అర్జీ మీద అర్జీ పెట్టిండు. గవర్నర్ జనరల్స్ మారుతుండె, అర్జీ మారకపోయె. లేబర్ కోర్టుల కేసు వేసి వాయిదాల మీద వాయిదాలు తిరిగినోళ్లకు ఆ ఎదురుచూపు ఎట్లుంటదో బాగా తెలుసు. ఒక వాయిదాకూ ఇంకో వాయిదాకూ మధ్యనున్న రోజుల్ని ఏం చేసుకోవాలె? అసలు పరీక్ష అక్కడున్నది.

ఆయన ఆ రోజుల్ని పనిగా మార్చుకున్నడు. పండితుల్ని, చిత్రకారుల్ని కూడగట్టి ‘శ్రీతత్త్వనిధి’ అనే పెద్ద బొమ్మల గ్రంథం తయారుచేయించిండు. తొమ్మిది భాగాలు. దేవతల రూపాలు, గ్రహాలు, మంత్రాల సంగతులు అందుల ఉన్నయి. ఆఖరు భాగం పేరు ‘కౌతుకనిధి’. కౌతుకం అంటే వేడుక, ఆసక్తి. ఆటలన్నీ ఆ భాగంల ఉన్నయి. 122 యోగాసనాల బొమ్మలు కూడా అందులనే. ఈ పని రాజు పేరున ఉన్నా, ఒక్కడు చేసింది కాదు. గీతలు గీసినోళ్లు, రంగులు దిద్దినోళ్లు, లెక్క కట్టినోళ్లు ఎందరో ఉన్నరు. వాళ్ల పేర్లు మనదాకా రాలేదు. మిల్లు బోర్డు మీద చైర్మన్ పేరు ఉంటది గని ఫిట్టర్ పేరు ఉండదు గద, అట్లనే.

ఆటలు ఎట్లాంటివి? పాత ఆటలను తీసుకుని, వాటిని పెంచి, తిప్పి, కొత్తవి కట్టిండు. పచ్చీసు తీరుగ పావులు నడిపేవి కొన్ని, చదరంగం గళ్లను మార్చి ఆడేవి కొన్ని. చీట్ల ఆటలకు మైసూరుల ‘ఛద’ అని పేరు. గుండ్రటి గంజీఫా చీట్లు మన దిక్కు నిర్మల్‌లో కూడా చేసేటోళ్లు. దేవుళ్ల బొమ్మలేసి రంగులు దిద్దిన చీట్లు అవి. మామూలు పేకల 52 ముక్కలే. కృష్ణరాజు ఛద ఆటలు పదమూడు. చిన్నదానికి 36 చీట్లు, పెద్దదానికి 360! అన్ని చీట్లు పట్టుకునేందుకు చెయ్యి చాలదు, గుర్తు పెట్టుకునేందుకు బుర్ర చాలదు. 1861ల కట్టిన జగన్మోహన ప్యాలెస్ ఇప్పుడు చిత్రశాల. దాని పై అంతస్తుల రంగమహల్ గోడల మీద ఆయన ఆటల పటాలు గీసి ఉన్నయి. పిల్లల్ని మైసూరు టూరుకు తీసుకపోయినోళ్లు దీపాల ప్యాలెస్ చూసి మళ్లుతరు. ఈసారి పోతే ఆ గోడల దగ్గర కూడా కాసేపు నిలబడుండ్రి.

ఆయనకు అన్నిటికంటే ఇష్టం చదరంగంల గుర్రం. గుర్రం నడక తెలిసిందే: రెండు గళ్లు నేరుగా, ఒక గడి పక్కకు. మనోళ్లు రెండున్నర గళ్లు అంటరు. బోర్డు మీద మొత్తం 64 గళ్లు. ఒక గడిల గుర్రాన్ని పెట్టాలె. దుంకుకుంట దుంకుకుంట 64 గళ్లూ తిరిగి రావాలె. ఏ గడినీ విడవొద్దు, ఏ గడినీ రెండోసారి తొక్కొద్దు. ఇది ఒక్కడే కూసుని ఆడే ఆట. ఎదురుగ మనిషి అక్కర్లేదు. మన దేశంల ఈ లెక్క చాలా పాతది. తొమ్మిదో శతాబ్దం కాశ్మీరు పండితుడు రుద్రటుడు గుర్రం నడకల మీద శ్లోకం కట్టే పద్ధతి రాసిపెట్టిండు. కృష్ణరాజు ఇట్లాంటి గుర్రపు దారులు ఎన్నో కనిపెట్టిండు. ఆయన కట్టిన దారులు తర్వాత ఇంగ్లీషు చదరంగం పండితుల రాతల్లకు కూడా ఎక్కినయి.

ఒకసారి ఆలోచించుండ్రి. దాటే ఊరు లేదు, పోయే దండు లేదు. రాజు దగ్గర మిగిలిన గుర్రం అంగుళమంతది. దానితోని ఆయన తన రాజ్యమంత మూల మూలా తిరిగిండు, ఒక్క జాగా విడవకుండ. ఇది నా ఊహ అనుకున్నా సరే. పని కోల్పోయిన మనిషికి, మొదలుపెట్టి పూర్తిచేయగల పని ఒకటి దొరికితే ఎంత ఊపిరి వస్తదో మాత్రం ఊహ కాదు.

అర్జీలు ఏమైనయి? కొడుకులు లేరని రాజ్యం పూర్తిగా కలుపుకుంటరేమోనని భయం పట్టుకున్నది. 1865ల ఒక పిలగాన్ని దత్తత తీసుకున్నడు. 1867ల ఇంగ్లీషు సర్కారు దత్తతకు ఒప్పుకున్నది, పిలగాడు పెద్దోడైనంక రాజ్యం అప్పజెప్తమన్నది. 1868 మార్చి 27న కృష్ణరాజు కన్ను మూసిండు. 1881 మార్చిలో దత్తపుత్రుడు చామరాజేంద్రునికి రాజ్యం తిరిగొచ్చింది. అడిగినాయన లేడు, అడిగింది మాత్రం వచ్చింది. మూతబడ్డ మిల్లు బకాయిలు తండ్రి పోయినంక కొడుకు పేరున రావడం చూసినోళ్లకు ఇది కొత్త కథ కాదు.

ఇగ ఆ మొదటి మాట దగ్గరికి వద్దాం. కడుపు నిండిన రాజు కాబట్టి ఆటలు కట్టుకున్నడు, మనకు రేపటి బియ్యం సంగతే తెలవదు. నిజం. ఆదాయంలో ఐదో వంతు ఎవరూ మనకియ్యరు. పైగా ఆయన విలాసాలకు పైసలు కట్టింది రైతులే. అయితే బల్ల ఆటలు కడుపు నిండినోళ్లే కట్టిండ్రా? అమెరికాల ఆఫీసు పని చేసుకుని బతికిన ఒక ఆడమనిషి సంగతి చూద్దాం.

మన పిల్లలు జాతరల కొనుక్కునే ‘బిజినెస్’ ఆట తెలుసు గద. బొంబాయి, కలకత్తా, ఢిల్లీ అని ఊర్లుంటయి. ఊరు కొనాలె, ఇల్లు కట్టాలె, వేరేవాళ్లు అక్కడ ఆగితే కిరాయి గుంజాలె. దీని మూలం ‘మోనోపలీ’ అనే అమెరికా ఆట. దాని మూలానికి మూలం ఎలిజబెత్ మేగీ. 1866ల ఇల్లినాయిస్ రాష్ట్రంల పుట్టింది. స్టెనోగా, టైపిస్టుగా పనిచేసేది. పొద్దంత ఆఫీసుల చాకిరి, రాత్రి ఇంట్లో గళ్లు గీసుడు. భూమి కొందరి చేతుల్లనే పడితే, పనిచేసేటోని సంపాదన కిరాయి కింద ఎట్ల పోతదో పిల్లలకు కూడా అర్థం కావాలని ఆమె ‘ల్యాండ్‌లార్డ్స్ గేమ్’ కట్టింది. 1904 జనవరి 5న పేటెంట్ వచ్చింది. బోర్డు మూల ఒక గడి ఉంటది, దాన్ని దాటినప్పుడల్లా ఆటగానికి 100 డాలర్ల కూలి. భూమి తల్లి మీద పనిచేస్తేనే కూలి పుడుతదని ఆ గడి మీద రాయించింది. తర్వాత ఆ ఆటకు రెండు తీర్ల రూల్స్ పెట్టింది. ఒకదాంట్ల ఎవరు సంపద పెంచినా అందరికీ లాభం. రెండోదాంట్ల మిగతావాళ్లందరు దివాలా తీస్తేనే ఒక్కడు గెలుస్తడు. రెండూ ఆడి తేడా మీరే చూసుకోండి అన్నది.

ఆ ఆట చేతులు మారింది. జనం సొంతంగా గుడ్డల మీద, అట్టల మీద గీసుకుని ఆడుకున్నరు. ముప్ఫై ఏళ్ల తర్వాత, పని పోయి ఇంట్ల కూసున్న చార్లెస్ డారో అనే సేల్స్‌మెన్ దోస్తుల ఇంట్ల ఆ ఆట నేర్చుకున్నడు, తన ఆటేనని కంపెనీకి అమ్మిండు. 1935ల పార్కర్ బ్రదర్స్ కంపెనీ దాన్ని మార్కెట్‌ల దింపింది. డారో కోటీశ్వరుడయ్యిండు. అదే ఏడు కంపెనీ మేగీ పేటెంట్‌ను 500 డాలర్లకు కొనుక్కున్నది. అమ్మకాల్ల వాటా ఒక్క సెంటు కూడా లేదు. లోకంల నిలిచింది రెండో తీరు రూలే, అందరినీ దివాలా తీయించేది. ఆమె 1948ల చనిపోయింది. ఆమె కథ చాలా ఏండ్లకు, 1970ల ఒక కోర్టు కేసుల, బయటికొచ్చింది.

రాజుకు ఖాళీ దినం బలవంతంగా వచ్చింది. మేగీకి ఖాళీ దినమే లేదు, రాత్రి గంటలే. డారోకు పని పోయింది. ముగ్గురి చేతిల కూడా కొంత సమయమే ఉండె. ఆ సమయంతోని ఎవరు ఏం చేసిండ్రు అన్నదే తేడా.

ఇంకో సంగతి. కృష్ణరాజు కట్టిన ఆటల్ల చాలా మటుకు ఇయ్యాల ఎవరూ ఆడరు. 360 చీట్ల ఆట నేర్పేటోడు ఎక్కడ? గోడ మీద అందంగ ఉన్నయి, గంతే. మరి మనింటి గడప ముందట సుద్దముక్కతోని గీసే అష్టాచెమ్మ? దాన్ని ఎవరు కనిపెట్టిండ్రో ఎవరికీ తెలవదు. అడ్డం ఐదు గళ్లు, నిలువు ఐదు గళ్లు. నాలుగు చింతగింజలు, ఒక పక్క అరగదీసి తెల్లగ చేస్తే చాలు. నాలుగూ తెల్లగ పడితే చెమ్మ, నాలుగూ నల్లగ పడితే అష్ట. మన కన్నడం పక్కింటోళ్లు దీన్నే చౌకాబార అంటరు, వాళ్లు గవ్వలేస్తరు. పులి-మేక, వామనగుంటలు కూడా అంతే. హంపి పోతే గుడి మండపాల బండల మీద ఇట్లాంటి గళ్లు చెక్కి కనిపిస్తయి. ఎవరు చెక్కిండ్రో? గుడి కట్టిన కూలీలో, కాపలా సిపాయిలో, గుడికొచ్చిన జనమో. పేరు లేదు, పేటెంట్ లేదు, గీత మాత్రం ఉన్నది.

రాజు ఆట రాజును నిలబెట్టింది. జనం ఆట జనాన్ని కలిపింది. రెండిట్లనూ ఒకటి కనబడదు: పందెం పైసలు. అష్టాచెమ్మల ఓడిపోతే పోయేది పావు ఒక్కటే. మళ్లా గింజలేస్తే మళ్లా లేస్తది. పైసలు పెట్టి ఆడే పేకలనో, ఫోన్ రమ్మీలనో ఓడిపోతే పోయేది పిల్ల ఫీజు, ముసలామె మందులు, సొసైటీల కట్టాల్సిన కిస్తు. ‘పోయింది రాబట్టుకుంట’ అని కూసున్నోడు ఇంకా పోగొట్టుకుంటడు. పాచికల పందెంల ధర్మరాజు పెండ్లాన్ని దాకా ఒడ్డిండు. ఆ కథ మన తాతలు మనకు ఊరికే చెప్పలేదు. 2025 ఆగస్టుల కేంద్ర సర్కారు డబ్బుతోని ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ చట్టం తెచ్చింది. చట్టం ఫోన్ల నుంచి తీస్తదేమో గని, పని లేని మధ్యాహ్నాన్ని తీయదు. ఆ మధ్యాహ్నం అట్లనే ఉంటది. దాంట్ల ఏదో ఒకటి పెట్టకపోతే అదే వచ్చి కూసుంటది.

అన్నలూ, పని లేనోన్ని ‘ఆడుకో’ అంటే ఎగతాళి చేసినట్టుంటదని నాకు తెలుసు. ఆట అన్నం పెట్టదు. పని కోసం, బకాయిల కోసం చేసే కొట్లాట చేయాల్సిందే. కృష్ణరాజు కూడా గుర్రపు దారులు గీసినన్ని రోజులూ అర్జీ పెట్టుడు ఆపలేదు. ఆ రెండూ ఒకదానికొకటి అడ్డం కాలేదు. బుర్ర పదునుగ ఉన్నోడే ఎక్కువ రోజులు కొట్లాడగలుగుతడు. చెట్టు కింద కూసుని తనను తాను పోగొట్టుకున్నోని దగ్గర కొట్లాడే ఓపిక మిగలదు.

సరే, ఈ నెల ఇంట్ల చేసే పని రెండు చెప్త.

ఒకటి. అష్టాచెమ్మ పటం గీయుండ్రి. 25 గళ్లు. అందుల చదరంగం గుర్రాన్ని నడిపియ్యుండ్రి. గుర్రం లేకపోతే చింతగింజే గుర్రం. తొక్కిన గడిల వరుసగా 1, 2, 3 అని రాసుకుంట పోవాలె. 25 దాకా పోవాలె, ఏ గడీ రెండుసార్లు తొక్కొద్దు. ఒక చిట్కా: మూల గడి నుంచో, నట్టనడుమ గడి నుంచో మొదలుపెట్టుండ్రి. మూల గడి పక్కనున్న గడి నుంచి మొదలుపెడితే వందేళ్లు ఆడినా పూర్తి కాదు. ఎందుకంటరా? మూల గడికి పసుపు పెట్టి, గడి విడిచి గడికి పసుపు పెట్టుకుంట పోండి. పసుపు గళ్లు 13, ఉత్త గళ్లు 12 వస్తయి. గుర్రం పసుపు గడి నుంచి దుంకితే ఉత్త గడిల పడతది, ఉత్త గడి నుంచి దుంకితే పసుపు గడిల పడతది. మరి 25 గళ్లూ పూర్తి కావాలంటే ఎక్కువున్న పసుపుతోనే మొదలు కావాలె, పసుపుతోనే ఆగాలె. లెక్కల సార్లు గంట సేపు చెప్పేది పిల్లలకు చిటికెడు పసుపుతోని అర్థమైపోతది.

ఎంత గుంజినా రాకపోతే ఒక దారి ఇదిగో. ముందే చూడొద్దు, చూస్తే మజా పోతది. పై వరుస నుంచి కింది వరుస దాకా అంకెలు ఇట్లుంటయి:

1, 6, 15, 10, 21

14, 9, 20, 5, 16

19, 2, 7, 22, 11

8, 13, 24, 17, 4

25, 18, 3, 12, 23

ఇదొక్కటే దారి కాదు, ఇంకా చాలా ఉన్నయి. వేరేది దొరికినోళ్లు రాసి పంపుండ్రి.

రెండోది అసలు పని. మన మిల్లు మీద ఒక ఆట కట్టుండ్రి. మేగీ తన చుట్టున్న కిరాయి బతుకు చూసి కట్టింది. మనం చూసింది మనం గీద్దాం. చెరుకు చేను నుంచి మొదలు, చక్కెర బస్తా దగ్గర ఆఖరు. నడుమ వైకుంఠపాళి లెక్క నిచ్చెనలు, పాములు. కాటా గడి, గాను గడి, బాయిలర్ గడి, పాన్ గడి, మడ్డి గడి. ఏ గడిల పాము ఉండాలె? బెల్టు తెగినప్పుడా, కాటా తప్పు చూపినప్పుడా, జీతం రెండు నెలలు ఆగినప్పుడా? నిచ్చెన ఎక్కడుండాలె? బోనస్ వచ్చిననాడా, టెంపరరీ పర్మినెంట్ అయిననాడా, అందరు కలిసి గేటు ముందట కూసున్ననాడా? ఇవి పిల్లలు ఒక్కరే తేల్చే ముచ్చట్లు కావు. నాయినను అడగాలె, ప్యాకింగ్‌ల పనిచేసే అమ్మను అడగాలె, రిటైరైన తాతను అడగాలె. అడిగితే వాళ్లు చెప్తరు. చానా ఏండ్ల సంది ఎవరూ అడగని సంగతులు చెప్తరు.

మేగీ తీరుగ రెండు రూల్స్ పెట్టి కూడా చూడుండ్రి. ఒకసారి ముందు ఇల్లు చేరినోడే గెలిచినట్టు. ఇంకోసారి ఆఖరోడు చేరితేనే అందరు గెలిచినట్టు, ముందుపోయినోళ్లు వెనకున్నోళ్లకు తమ పందేలు ఇయ్యొచ్చు. ఏది ఎక్కువ మజా వచ్చిందో, ఎందుకొచ్చిందో నాలుగు మాటలు రాయుండ్రి.

అట్ట ఏదైనా సరే, చక్కెర డబ్బా అట్టయినా, పాత క్యాలెండర్ వెనకైనా. పావులకు సీసా మూతలు చాలు. బాగున్నవి మన పత్రికల అచ్చేసి అన్ని బస్తీలకూ పంపుదాం. ఒక్క షరతు: పటం కింద కట్టినోళ్ల పేరు ఉండాలె. గీసినోళ్లది, రంగు దిద్దినోళ్లది, రూలు చెప్పిన తాతది, అందరివీ.